ముప్పై ఒకటో తేదీ గుర్రప్పిల్ల

మొన్న ఆధార్ కార్డులో అడ్రసు మార్పించుకోవడానికి వెళ్తే, కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా పుట్టిన తేదీ చూసి నవ్వింది. "జూలై ఒకటా మేడం? పొద్దుటినుంచి మీరు నాలుగోవాళ్ళు" అంది. మా ఊళ్ళో మూడొంతుల మందిమి ఆ రోజే పుట్టామమ్మా అన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా. "రేసు గుర్రాలైతే అన్నీ జనవరి ఒకటిన పుడతాయి" అని కూడా అన్నాను. ఆ అమ్మాయి నవ్వు ఆపేసి వేలిముద్ర పెట్టమంది.

ఇంటికి వచ్చేదాకా నా ముక్కులో ఉడుకుతున్న ఉలవల వాసనే.

మాది ఉదయగిరి. మా నాయన అక్కడి మిషన్ బడిలో అయ్యవారు. పిల్లల్ని బడిలో చేర్చడానికి తెచ్చినప్పుడు, చెయ్యి తలమీదుగా తిప్పి అవతలి చెవి పట్టుకోమనేవాళ్ళు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. తేదీ తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు కాబట్టి రిజిస్టర్లో జూలై ఒకటి పడేది. నా విషయంలో తేదీ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఇంట్లో నా అల్లరి భరించలేక మా నాయన నన్ను ఏడాది ముందే బడికి లాక్కెళ్ళాడు. నా చెయ్యి చెవికి అందలేదు. ఆయనే నా తల కొంచెం పక్కకు వంచాడు. అందింది. ఆ వంపు పుణ్యాన నేను చదువు అయ్యేదాకా నా క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని. ఆటల పోటీలో పరుగు పందెమంటే నాది ఎప్పుడూ ఆఖరు స్థానం. నా వెనక ఎవరైనా ఉన్నారా అని తిరిగి చూసుకునేదాన్ని, విజిల్ పట్టుకున్న మా నాయన తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఈ బాధ మనసులో ఉన్నదాన్ని కాబట్టే జట్కా తాత చెప్పిన మాట నాకు అంతగా గుచ్చుకుంది.

జట్కా తాత ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఒకప్పుడు బస్టాండు దగ్గర పదకొండు జట్కాలు ఉండేవంట. నాకు ఊహ తెలిసేటప్పటికి రెండు మిగిలాయి. ఆటోలొచ్చాక రెండోదీ పోయి, తాతది ఒక్కటే మిగిలింది. ఆయన వయసులో ఉండగా మద్రాసు గిండీలో రేసు గుర్రాల లాయంలో పనిచేశాడు. గుర్రాలకు మాలీషు చేయడం, తెల్లారుజామున తిప్పడం, దాణా పెట్టడం ఆయన పని. అక్కడ ట్రైనింగిచ్చే ముసలి దొర ఒకాయన, గుర్రాల్ని తిప్పేటప్పుడు పక్కన నడుస్తూ ప్రపంచంలోని పేరుమోసిన రేసు గుర్రాల కథలన్నీ చెప్పేవాడంట. ఆ కథల్ని తాత ఉదయగిరికి మోసుకొచ్చి, బండికి గిరాకీ లేని పూటల్లో మాకు చెప్పేవాడు. నేనూ, మా తమ్ముడూ కొట్టం గడప మీద కూర్చుని వినేవాళ్ళం. ఊరికే వినేవాళ్ళం కాదు. గుర్రం కోసం ఉడకబెట్టిన ఉలవల్లో చెయ్యిపెట్టి సగం మేమే తినేవాళ్ళం. ఇంట్లోంచి బెల్లం దొంగిలించి తెచ్చి, ముక్క గుర్రానికిచ్చి ముక్క మేం నోట్లో వేసుకునేవాళ్ళం. లెక్క సరిపోయిందనుకునేవాళ్ళం.

"ఫార్ లాప్ అని ఒక గుర్రం ఉండేది పాపా. ఆస్ట్రేలియాలో. చచ్చిపోయినాక కోసి చూస్తే దాని గుండె ఆరు కేజీల పైన ఉండాదంట. మామూలు గుర్రానికి నాలుగుంటే గొప్ప. ఆ గుండెను ఒక ఊళ్ళో అద్దాల పెట్టెలో పెట్టినారు, చర్మం ఇంకో ఊళ్ళో, ఎముకలు ఇంకో దేశంలో."

మా తమ్ముడు ఆ మాట విన్న రోజు అన్నం తినలేదు. ముక్కలు ముక్కలుగా ఉంటే పునరుత్థాన దినాన ఎట్లా లేస్తుందని వాడి దిగులు.

ప్రపంచంలో ఉన్న రేసు గుర్రాలన్నీ మగవైపు నుంచి చూస్తే మూడే మూడు గుర్రాల సంతానమని తాత ఒకసారి చెప్పాడు. మా అవ్వ ఆ దారిన పోతూ విని, "అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు మాదిరన్న మాట" అంది. తాత తల ఊపి, "అంతే అక్కా, మా సాయిబుల లెక్క కూడా అదే గదా" అన్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది హంగరీ దేశపు ఆడగుర్రం. కిన్సెమ్ అని పలికేవాడు తాత. యాభై నాలుగు పందేలు పరిగెత్తితే యాభై నాలుగూ గెలిచింది. దానికొక పిల్లి స్నేహం. పందేలకు పోయేటప్పుడు పిల్లి ఎక్కితేనే రైలెక్కేది. చలిగా ఉన్న ఒక రోజు తనను చూసుకునే సైసు కప్పుకోవడానికేమీ లేకుండా పడుకుంటే, తన మీది దుప్పటి తీసి అతని మీద వేసిందంట. ఆ తరవాత ఇంకెప్పుడూ దుప్పటి కప్పించుకోలేదంట. కిన్సెమ్ అంటే వాళ్ళ భాషలో నా బంగారం అని అర్థమని తాత చెప్పాడు. ఆ రోజే మేం తాత గుర్రానికి బంగారి అని పేరు పెట్టాం. అంతకుముందు దాని పేరు "ఏయ్". ఎక్కణ్ణుంచో ఒక పిల్లికూననీ తెచ్చి కొట్టంలో వదిలాం. బంగారి దాన్ని ఒకసారి వాసన చూసి తుమ్మింది. పిల్లి మాకంటే ముందే వచ్చి మా వాకిట్లో కూర్చుంది.

ఆ ఏడు బంగారి చూలుతో ఉంది. ఆత్మకూరులో ఒక రైసుమిల్లు ఆయన, గిండీలో పరుగులు మానేసిన మగ రేసు గుర్రాన్ని కొనుక్కొచ్చి ఊరేగింపుల కోసం పెంచుకుంటున్నాడని తాతకు తెలిసింది. బంగారిని నడిపించుకుంటూ, మధ్యలో ఒక ఊళ్ళో ఆగి, మర్నాటికి ఆత్మకూరు చేరాడు. ఆ మిల్లు ఆయన కాళ్ళావేళ్ళా పడి పని సాధించుకొచ్చాడు. ఏడో నెల నుంచి బండి కట్టలేదు. ఆయన ఇంటావిడ, మేం బీబీ అవ్వ అనేవాళ్ళం, చెక్క స్పూన్లూ గరిటెలూ చెక్కేది. ఇల్లు ఆ స్పూన్ల మీదే నడిచింది. "గుర్రానికి సీమంతం చేస్తాడేమో అడుగు" అని ఆమె మాతో అనేది గానీ, ఉలవల్లో ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూసేది ఆమే.

దీపావళి మర్నాడు సూర్యగ్రహణం పట్టింది. మేం క్రైస్తవులమే అయినా గ్రహణం భయం మా అవ్వను వదల్లేదు. ఆ పొద్దున్నే తాత ఇంటికి పోయి, "చూలుది. బయట కట్టేయొద్దు. తలుపేసి పెట్టు" అంది.

"ఎక్లిప్స్ అని ఇంగ్లండులో ఒక గుర్రం గ్రహణం రోజే పుట్టిందక్కా. ఆ పేరే పెట్టినారు. జన్మలో ఒక్క పందెం ఓడలేదు" అన్నాడు తాత.

"పెదవి బాగుండిందా దానికి?" అంది మా అవ్వ.

తాత తలుపు వేశాడు. పగుళ్ళకు గోనెసంచులు కూడా అడ్డం పెట్టాడు. లోపల చీకట్లో ఆయనా, గుర్రమూ గ్రహణం విడిచేదాకా కూర్చున్నారు.

డిసెంబరులో చలి ముదిరింది. మా ఇంట్లో క్రిస్మస్ అరిసెల పాకం వాసన, తాత కొట్టంలో ఎండుగడ్డి వాసన. బంగారి పొట్ట కిందికి జారింది. తాత రోజూ వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకోవడం చూసి ఏంది తాతా అని అడిగాను. అప్పుడు చెప్పాడు. రేసు గుర్రం ఏ నెలలో పుట్టినా జనవరి ఒకటికే దాని వయసు మారుతుంది. ఫిబ్రవరిలో పుట్టిందైనా, మేలో పుట్టిందైనా, మరుసటి జనవరి ఒకటికి ఏడాది నిండినట్టే రాస్తారు.

"అయితే డిసెంబరు ముప్పై ఒకటిన పుడితే?"

"మర్నాటికే ఏడాది నిండినట్టు. దాని వయసు పిల్లలు దాని కంటే పది పన్నెండు నెలలు పెద్దవి. వాటితోనే పరిగెత్తాల. ఏం గెలుస్తాది? అందుకే మా దొర ఆడగుర్రాల ముందర నిలబడి, ఒకటో తేదీ దాకా ఆగు తల్లీ అని బతిమాలేవోడు."

"మన బంగారి ఎప్పుడు ఈనుతుంది?"

"అదే చూస్తా ఉండా. అటూ ఇటూగా ఉండాది" అన్నాడు. వెంటనే, "ఇది ఏ రేసుకీ పోదులే పాపా. దానికి తాతముత్తాతల పేర్లతో పుస్తకం ఉండాల, మనకేం ఉండాది" అని కూడా అన్నాడు. నేను ఆ రెండో మాట చెవిన వేసుకోలేదు. తల పక్కకు వంచి ఏడాది పెంచేసిన పిల్ల నా కళ్ళ ముందు పరిగెడుతోంది. అందరికంటే వెనక.

మా గుడిలో, అంటే చర్చిలో, ప్రార్థన మనవుల పెట్టె ఉండేది. ఎవరికేం కావాలో చీటీ రాసి అందులో వేస్తే, ఆదివారం పాస్టరు అయ్యగారు చదివి ప్రార్థన చేసేవారు. క్రిస్మస్ ముందు ఆదివారం నేను ఎడమచేత్తో, అక్షరాలు గుర్తుపట్టకుండా రాసి వేశాను. "మా వీధిలో ఒక గర్భిణి కాన్పు జనవరి ఒకటో తేదీ వరకు ఆగవలెనని సంఘము ప్రార్థించవలెను." గుర్రమని రాస్తే చదవరని నాకు తెలుసు.

అయ్యగారు చదివి, చీటీ ఒకసారి తిరగేసి చూసి, కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, గర్భమును మూయువాడవు నీవే, తెరచువాడవు నీవే. ఆ సహోదరి కాన్పును నీ చేతిలో నిలిపి ఉంచుము" అని పెద్ద గొంతుతో ప్రార్థించారు. గుడిలో రెండు వందల మంది ఆమెన్ అన్నారు. నా పక్కన మా అవ్వ అందరికంటే గట్టిగా అంది.

గుడి బయట ఆడవాళ్ళంతా ఆ గర్భిణి ఎవరా అని ఆరా మొదలుపెట్టారు. మా వీధిలో క్రైస్తవుల ఇళ్ళు మూడే. ఒక ఇంట్లో అంతా ముసలివాళ్ళు, ఇంకో ఇంట్లో పెళ్ళికాని అన్నదమ్ములు. మిగిలింది మా అమ్మ. మర్నాటి నుంచి మా ఇంటికి చింతకాయ తొక్కు రావడం మొదలైంది. మా అమ్మకు ఎందుకొస్తోందో అర్థం కాలేదు, రుచిగా ఉందని తింది. అది చూసి వాళ్ళకు అనుమానం తీరిపోయింది.

క్రిస్మస్ సాయంత్రం బంగారి పొదుగు కొసల మీద మైనం మాదిరి ముద్దలు కట్టాయి. ఇంక రెండు మూడు రోజుల్లో ఈనేస్తుందన్నాడు తాత. రెండు రోజులయ్యాయి. మూడయ్యాయి. బుధవారం తాత అనుమసముద్రంపేట దర్గాకు పోయి, చక్కెర పలుకులూ, చొక్కా నిండా ఊదు వాసనా తెచ్చాడు. గురువారం బంగారి పాలు కారుస్తూ నిలబడింది, ఈనలేదు. శుక్రవారం ఉలవలు ముట్టలేదు. నేను బెల్లం చూపిస్తే మొహం తిప్పుకుంది. పశువుల కాంపౌండరు వచ్చి చూసి, బర్రెలైతే చెప్పగలను గానీ గుర్రం సంగతి నాకు తెలీదనేసి పోయాడు. తాత దాని కడుపుకు చెవి ఆనించి విని, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఇట్లా నిలిచిపోతే తల్లీ పిల్లా రెండూ దక్కవు" అని బీబీ అవ్వతో అనడం విన్నాను.

నిలిపి ఉంచమని అడిగింది నేను. నా ఒక్కదాని ప్రార్థన అయితే దేవుడు పట్టించుకుని ఉండకపోవచ్చు. రెండు వందల మంది ఆమెన్ చెప్పారు. మా అవ్వ గొంతు వినకుండా ఉండడం దేవుడికి కూడా కుదరదు.

శనివారం సాయంత్రం గుడికి పరిగెత్తాను. అయ్యగారు నిచ్చెన మీద నిలబడి కొత్త సంవత్సరానికి రంగుకాగితాలు అంటిస్తున్నారు.

"అయ్యగారూ, ఒకసారి చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవచ్చా?"

"ఏ ప్రార్థనమ్మా?"

"కాన్పు ఆగాలని చేశారే, పోయినవారం. అది."

ఆయన నిచ్చెన దిగారు. "అది రాసింది నువ్వా? మీ అమ్మకేమైనా ఇబ్బందిగా ఉందా?"

"మా అమ్మ కాదయ్యగారూ. బంగారి. జట్కా తాత గుర్రం." అని మొదలుపెట్టి జనవరి ఒకటి, ముప్పై ఒకటి, మైనం, ఉలవలు అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. "మీరు మూసేయించారు. మీరే తెరిపించాలి" అన్నాను.

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "సంఘమంతటి చేతా గుర్రానికి ఆమెన్ చెప్పించినావన్న మాట" అన్నారు. తరవాత, "నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు నన్నూ, నా ట్రంకుపెట్టెనూ బస్టాండు నుంచి తెచ్చింది ఆ గుర్రమే" అన్నారు. చేతులకు మైదాపిండి జిగురు అలాగే ఉండగా మోకరించారు. నేనూ మోకరించాను. "ప్రభువా, పోయినవారం మేము అడిగినది పక్కన పెట్టు. ఆ మూగజీవి కష్టం తీర్చు. ఎప్పుడన్నది నీ ఇష్టం" అన్నారు. ఈసారి ఆమెన్ అన్నది నేనొక్కదాన్నే. చాలుతుందో లేదోనని మూడుసార్లు అన్నాను.

మర్నాడు ఆదివారం. ముప్పై ఒకటో తేదీ. తెల్లవారి, గుడి మొదటి గంట కొడుతుండగా బీబీ అవ్వ మా వాకిట్లోకి వచ్చి వేడినీళ్ళు కావాలని అడిగింది. మా అమ్మ స్నానానికి కాచిన నీళ్ళు బిందెతో ఇచ్చేసింది. నేను ఆమె వెనకే పోయాను.

బంగారి గడ్డి మీద పడుకుని ఉంది. మెడంతా చెమట. పిల్ల ముందుకాలు ఒకటి బయటికి వచ్చింది, రెండోది లోపల మడతపడి చిక్కుకుంది. తాత చొక్కా విప్పేసి, భుజం దాకా సబ్బు రాసుకుని, బంగారి వెనక బోర్లా పడుకున్నాడు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, అది తగ్గగానే పిల్లను లోపలికి నెట్టి, మడతపడ్డ కాలు కోసం వెతుకుతున్నాడు. "ఆగమ్మా, ఆగు బంగారీ, కాస్త ఆగు" అంటున్నాడు. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆగు అనే మాట వినలేకపోయాను. "ఆగొద్దని చెప్పు తాతా" అని అరిచాను.

తాత మొహం బిగుసుకుంది. తరవాత భుజం వెనక్కి జరిగింది. రెండో కాలు వచ్చింది. ఆ వెంటనే ముక్కు, తల, మిగతాదంతా ఒక్కసారిగా జారి తాత ఒళ్ళో పడ్డాయి. తాత దాని ముక్కు తుడిచి నోట్లో వేలుపెట్టాడు. అది తల విదిలించింది. ఊపిరి తీసుకుంది. బంగారి మెడ తిప్పి చూసి సన్నగా సకిలించింది. అంత సన్నగా అది సకిలించడం నేనెప్పుడూ వినలేదు.

తాత గోడకానుకుని కూర్చుండిపోయాడు. ఒళ్ళంతా నెత్తురూ సబ్బూ. నేను దగ్గరికి పోయి, దాచుకోలేక, చీటీ సంగతంతా చెప్పేశాను. నా వల్లే ఇంత కష్టమైందన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "పేట దర్గాకు నేను ఎందుకు పోయినాననుకున్నావు?" అన్నాడు. "నేనూ అదే అడిగినా. ఒకటో తేదీ దాకా ఆపమని. కాయితాలు లేని గుర్రానికి ఏ తేదీ అయితే ఏంది? బుద్ధి ఉండక్కర్లా నాకు? మొన్న దాని కడుపు కాడ చెవి పెట్టి విన్నాక, ఇక్కడ్నించే పేట దిక్కుకు తిరిగి ఆ మొక్కు వెనక్కి తీసుకున్నా." అంటూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నురగ కళ్ళల్లో పడి ఇంకా ఏడ్చాడు. నేను ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. ఎందుకు నిలిచిపోయిందని అడిగితే, గుర్రం తనకు కుదిరినప్పుడే ఈనుతుందనీ, కాలు మడతపడడం ఎవరి తప్పూ కాదనీ చెప్పాడు.

ఈలోగా పిల్ల లేచి నిలబడబోయి పడింది. మళ్ళీ లేచింది. పొడుగాటి కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. గుడి రెండో గంట కొట్టేలోపు నిలబడి పాలు తాగింది. నేను ఆ రోజు గుడికి ఆలస్యంగా, గౌను నిండా గడ్డితో వెళ్ళాను. ప్రసంగం మధ్యలో ఉన్న అయ్యగారు నన్ను చూశారు. నేను తల ఊపాను. ఆయన ఒక వాక్యం మర్చిపోయి, మళ్ళీ అందుకున్నారు.

మర్నాడు జనవరి ఒకటి. లెక్క ప్రకారం గుర్రప్పిల్లకు ఏడాది నిండింది. తాతే పిలిచాడు మమ్మల్ని, పుట్టినరోజుకు రమ్మని. బీబీ అవ్వ సేమ్యా పాయసం చేసింది. మా అమ్మ అరిసెలూ, నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ తెచ్చింది. చింతకాయ తొక్కు సంగతి అప్పటికి ఆమెకు తెలిసిపోయింది. అరిసెలు అందరికీ పెట్టింది, నాకు అడిగితే గానీ పెట్టలేదు. అయ్యగారు వచ్చి కొట్టం బయట నిలబడి పిల్లను చూసి, "ఒక్కరోజులో ఇంత ఎదిగిందా" అన్నారు. మా నాయన కూడా వచ్చాడు. ఆయన పిల్లను చూసి, నన్ను చూసి, నా నెత్తిన చెయ్యి వేశాడు. అప్పుడప్పుడూ గడ్డి మీద పడిపోతున్న ఆ ఏడాది పిల్ల చుట్టూ చేరి మేమంతా పాయసం తాగాం. అంత సంతోషంగా నేనున్న రోజులు నా జీవితంలో ఎక్కువ లేవు.

ఆ పిల్ల పెరిగి ఏ పందెమూ పరిగెత్తలేదు. రెండేళ్ళు జట్కా లాగే తల్లి వెనకే తిరిగింది. జట్కా కూడా నిలిచిపోయాక, ఆ పిల్లను ఆత్మకూరు మిల్లు ఆయనే తీసుకెళ్ళాడు. పెళ్ళి ఊరేగింపుల్లో దాన్ని చూశామని వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. బంగారిని తాత ఎవరికీ ఇవ్వలేదు. అది పోయిన ఏడాదికి ఆయనా పోయాడు. నేనప్పుడు నెల్లూరు హాస్టల్లో ఉన్నాను, నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడా కొట్టం ఉన్నచోట మోటారుసైకిళ్ళు కడుగుతారు.

నాకు నెలలు నిండినప్పుడు, ఇంతమాత్రం దానికి నొప్పుల దాకా ఎందుకు, ఆపరేషన్ చేసేస్తే పోతుంది కదా అన్నారు మావాళ్ళు. డాక్టరమ్మ మంచిరోజు చూసుకుని చెప్పమంది. మా అత్తమ్మ ఈస్టరు రోజుకు పెట్టించమంది. మా ఆయన తన పుట్టినరోజు నాడే అయితే బాగుంటుందన్నాడు. మా నాయన, రిజిస్టర్లో తేదీలు పంచిన మనిషి, నా వంక చూశాడు. ఆగితే బిడ్డకేమైనా ప్రమాదమా అని డాక్టరమ్మను అడిగాను. ఏమీ లేదంది. అయితే తనకు కుదిరినప్పుడే రానీండి, నేనేమీ అడగను అన్నాను. ఏ విశేషమూ లేని ఒక మంగళవారం, అందరూ భోజనాలకు పోయినప్పుడు, నా కూతురు పుట్టింది. నర్సు దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెడితే, జట్కా తాతకు చూపించాలని మనసు కొట్టుకుంది.